వెనక డిఫరెన్షియల్‌లో ఎంత చవక నూనె పోయవచ్చు?

ప్రశ్న: మేము డల్లాస్ పక్కన ప్లేనోలో ఉంటాం. నిరుడు 2006 నాటి ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ఒకటి పాతది కొన్నాను. 5.4 లీటర్ల ఇంజను, ఇప్పటికి లక్షా ముప్ఫై వేల మైళ్లు తిరిగింది. పెరట్లో గోంగూర, బీర పాదులకు మట్టీ ఎరువూ తెచ్చుకోవడానికి, వేసవిలో ట్రెయిలరు లాగడానికి వాడుతున్నాను. ఈ మధ్య పార్కింగులో స్టీరింగు పూర్తిగా తిప్పి మళ్లించినప్పుడు వెనకనుంచి గరగరమని అదురు వస్తోంది. తిన్నగా వెళ్తుంటే ఏమీ లేదు. వెనక డిఫరెన్షియల్, అంటే రెండు వెనక చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టె, నూనె మార్చాలన్నారు. షాపులో అడిగిన కూలి విని, నేనే మార్చుకుందామనుకుంటే తలా ఒక మాట చెబుతున్నారు. విజయవాడలో లారీలు తిప్పిన మా నాన్నగారు "140 పొయ్యి, 90 అంటే నీళ్లే" అంటారు. షెవర్లే సిల్వరాడో పికప్ నడిపే స్నేహితుడు "అడిటివ్ సీసా జోలికి మాత్రం పోవద్దు, డిఫరెన్షియల్ పాడవుతుంది" అంటాడు. విడిభాగాల దుకాణంలో కుర్రాడు "అడిటివ్ కలిపిన సింథటిక్ 75డబ్ల్యూ-90 తీసుకోండి, ఏ గొడవా ఉండదు" అన్నాడు. వాల్‌మార్ట్‌లో మామూలు 80డబ్ల్యూ-90 అన్నిటికంటే చవకగా కనిపించింది. అదే పోసేస్తే ఏమవుతుంది?

సమాధానం: మీకు సలహా ఇచ్చిన ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది. కాకపోతే మీ నాన్నగారు తన లారీ గురించి చెప్పారు, మీ స్నేహితుడు తన సిల్వరాడో గురించి చెప్పాడు, దుకాణంలో కుర్రాడు తన అలమరలో ఉన్న సీసా గురించి చెప్పాడు. మీ బండి సంగతి ఎవరూ అడగలేదు. కాబట్టి సీసా ధర కాసేపు పక్కన పెట్టి, ముందు డ్రైవరు తలుపు తెరవండి.

తలుపు చట్రం మీద అంటించిన చీటీలో యాక్సిల్ అన్న మాట కింద రెండు అక్షరాల కోడు ఉంటుంది. రెండూ అంకెలే అయితే మీది మామూలు డిఫరెన్షియల్. అందులో ఇంగ్లీషు అక్షరం ఉంటే, ఉదాహరణకు హెచ్9 అనో బీ6 అనో ఉంటే, అది లిమిటెడ్ స్లిప్, అంటే ఒక చక్రం ఊరికే జారిపోకుండా లోపల పలకలతో పట్టి ఉంచే రకం. నేను పందెం కాయమంటే లిమిటెడ్ స్లిప్ మీదే కాస్తాను, ఎందుకంటే మీరు చెప్పిన ఆ గరగర మామూలు డిఫరెన్షియల్‌లో పుట్టే చప్పుడు కాదు. దానిలో అదరడానికి పలకలే ఉండవు. అయితే పాత బండి కదా, పాత యజమాని ఇరుసు మార్చించి ఉండవచ్చు. అనుమానం ఉంటే వెనక చక్రాలు రెండూ నేలనుంచి లేపి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిశలో తిరిగితే మామూలుది, లేదా పలకలు అరిగిపోయిన లిమిటెడ్ స్లిప్. అదే దిశలో తిరిగితే మీ లిమిటెడ్ స్లిప్ ఇంకా ప్రాణంతో ఉన్నట్టే.

ఇంతకీ ఆ గరగర ఏమిటి? బండి మలుపు తిరిగినప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. ఆ తేడాకు చోటిచ్చేదే డిఫరెన్షియల్. మామూలుదానిలో ఒక చిక్కు ఉంది. ఒక చక్రం బురదలో దిగి జారడం మొదలుపెడితే రెండోదానికి కూడా బలం అందదు. ఫోర్డ్ వారు ట్రాక్షన్-లాక్ అని పిలిచే మీ రకంలో రెండు పక్కలా పలకల దొంతరలు ఉంటాయి. మధ్యలో ఎస్ ఆకారపు స్ప్రింగు వాటిని ఎప్పుడూ ఒత్తి పట్టుకుని ఉంటుంది. ఒక చక్రం జారినా ఈ పలకల పట్టు వల్ల రెండోదానికి కొంత బలం చేరుతుంది. మలుపులో మాత్రం ఆ పలకలు ఒకదాని మీద ఒకటి మెల్లగా జారక తప్పదు.

ఇంట్లో బీరువాను గచ్చుమీద ఎప్పుడైనా జరిపారా? మొదట కదలదు. బలంగా తోస్తే ఒక్కసారిగా జరిగి ఆగుతుంది. మళ్లీ తోయాలి, మళ్లీ కుదుపు. నిలిచి ఉన్నప్పటి పట్టు, జారుతున్నప్పటి పట్టుకంటే ఎక్కువ కావడమే దీనికి కారణం. మీ పలకలు చేస్తున్నది కూడా అదే, క్షణానికి ఎన్నోసార్లు. పట్టి, జారి, పట్టి, జారి. అది ఇరుసు గుండా చట్రానికి పాకి మీ సీటు కింద అదురుగా తెలుస్తోంది. అందరూ అడిటివ్ అంటున్నది దీన్నే, ఫ్రిక్షన్ మోడిఫయర్ అనే ఆ చిన్న సీసాలోని ద్రవం పలకల మీద పలచని జారుడు పొరగా అంటుకుని, కదలబోయే ముందు ఉండే పట్టును తగ్గిస్తుంది. దాంతో జారడం కుదుపు లేకుండా మొదలవుతుంది. 1970ల ఆరంభం వరకు అమెరికాలో ఆటోమేటిక్ గేర్‌బాక్సుల నూనెలో ఇలాంటి పనికి స్పెర్మ్ తిమింగలం నూనె వాడేవారు. ఆ వేట ఉత్పత్తులను నిషేధించాక రసాయన శాస్త్రజ్ఞులు ప్రత్యామ్నాయం వెతకడానికి నానా తంటాలు పడ్డారు. ఇప్పటి సీసాలో తిమింగలం ఏమీ లేదు, నిశ్చింతగా పోయండి.

ఎంత పోయాలి? ట్రాక్షన్-లాక్ ఇరుసులో నూనె పూర్తిగా మార్చినప్పుడు నాలుగు ఔన్సులు, అంటే దాదాపు 118 మిల్లీలీటర్లు కలపాలని ఫోర్డ్ మాన్యువల్. మోటార్‌క్రాఫ్ట్ ఎక్స్ఎల్-3 అన్న పేరుతో వారు అమ్మే సీసా సరిగ్గా అంతే ఉంటుంది. ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు, అతి చేయడం అసలే వద్దు. రెండు సీసాలు పోస్తే పలకలు ఎంత మెత్తగా జారతాయంటే, తడిసిన గడ్డి మీద ఒక చక్రం గిర్రున తిరుగుతూ రెండోది చూస్తూ కూర్చుంటుంది. గరగర పోతుంది, దానితోపాటు లిమిటెడ్ స్లిప్ కూడా పోతుంది.

మీ స్నేహితుడి మాటకు వద్దాం. సిల్వరాడోలలో జీ80 అనే రకం చాలా వాటికి ఉంటుంది. వీలుంటే అతని గ్లోవ్ బాక్సులోని చీటీ చూడమనండి, ఆ కోడు కనిపిస్తుంది. అది మీదానిలా ఎప్పుడూ కొంచెం పట్టి ఉంచే రకం కాదు, లాక్ పడే రకం. రెండు చక్రాల వేగంలో తేడా నిమిషానికి సుమారు వంద చుట్లు దాటగానే లోపలి చిన్న బరువులు విసురుగా తెరుచుకుని కొక్కెం పట్టేస్తాయి, వెంటనే పలకలు బిగిసి రెండు చక్రాలూ ఒకటవుతాయి. దానికి పలకలు గట్టిగా పట్టాలి. జారుడు ద్రవం పోస్తే ఆ పట్టు చెడుతుంది కనుక జనరల్ మోటార్స్ వారే అడిటివ్ వద్దన్నారు. గేరు పళ్ల మీదే పనిచేసే టోర్సెన్, ఈటన్ ట్రూట్రాక్ రకాలకూ అది అక్కర్లేదు, వాటిలో పలకల దొంతర లేదు. ట్రూట్రాక్‌కు అయితే ఈటన్ వారు సింథటిక్ కూడా కాదు, మామూలు మినరల్ నూనే పోయమంటారు. అందుకే పక్కింటి బండి వైద్యం మన బండికి పనికిరాదు.

దుకాణం కుర్రాడి సీసాలో కూడా నిజం ఉంది. ఇప్పుడు వచ్చే సింథటిక్ గేర్ ఆయిళ్లలో చాలావాటిలో ఫ్రిక్షన్ మోడిఫయర్ ముందే కలిపి ఉంటుంది. సీసా వెనక లిమిటెడ్ స్లిప్ అన్న మాట చదివితే తెలుస్తుంది. అలాంటి నూనె దొరికితే ఎక్స్ఎల్-3 సీసా కొని ఇంట్లో పెట్టుకోండి కానీ వెంటనే పోయకండి. పోసిన నూనెతో నాలుగు మలుపులు తిరిగి చూసి, అదురు మిగిలితేనే ఒక ఔన్సు చొప్పున చేర్చండి. అడిటివ్ లేని నూనె కొంటే మొదటే నాలుగు ఔన్సులూ పోయాలి. ఒక పొరపాటు మాత్రం చాలామంది చేస్తారు. సీసా మీద జీఎల్-5 అని ఉంది కదా, అన్నీ ఉన్నట్టే అనుకుంటారు. జీఎల్-5 అన్నది గేరు పళ్ల రక్షణ గురించిన ప్రమాణం. మన డిఫరెన్షియల్‌లో పినియను అనే చిన్న గేరు, అది తిప్పే క్రౌను అనే పెద్ద గేరు నడిమి గీత మీద కాకుండా కిందికి జరిగి కూర్చుంటుంది. అందువల్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాక పొడవునా ఈడ్చుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి నూనె పొర చిరిగిపోతే లోహం లోహాన్ని కొరుకుతుంది. అందుకే గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు అందులో వేస్తారు. సీసా తీయగానే ముక్కు మూసుకోవాలనిపించే ఆ కుళ్లిన గుడ్డు వాసన వాటిదే. జీఎల్-5 పరీక్షలు పళ్లు అరగడం, గీతలు పడటం, తుప్పు, నూనె చెడిపోవడం చూస్తాయి. మీ పలకలు అదురుతాయా లేదా అన్నది ఆ పరీక్షల్లో లేదు.

ఇప్పుడు నాన్నగారి 140. ఆయన అన్న అంకె మీ బండికి అచ్చంగా సరిపోయింది, కాస్త అదృష్టవశాత్తూ. ఈ తరం ఎఫ్-150 వెనక ఇరుసుకు ఫోర్డ్ రాసింది 75డబ్ల్యూ-140 సింథటిక్. కానీ "90 అంటే నీళ్లే" అన్న మాట ఒప్పుకోను. గేర్ ఆయిలు అంకెలు, ఇంజన్ ఆయిలు అంకెలు రెండు వేర్వేరు తూకాలు. వంద డిగ్రీల సెల్సియస్ వేడి మీద కొలిస్తే 90 నంబరు గేర్ ఆయిలు చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోకుల మధ్య ఉంటుంది. 40 నంబరు ఇంజన్ ఆయిలుది 12.5 నుంచి 16.3. అంటే రెండూ అన్నదమ్ములే. 140 మాత్రం 24 దగ్గర మొదలై 32.5 దాకా పోతుంది. బరువు లాగుతూ ఇరుసు కాగినప్పుడు కూడా పళ్ల మధ్య పొర మందంగా నిలవడానికి అది.

లారీలలో 140 అంటే సాధారణంగా 85డబ్ల్యూ-140 అని అర్థం. ఆ మొదటి అంకె చలిలో నూనె ఎంతవరకు కదులుతుందో చెబుతుంది. 85డబ్ల్యూ నూనెను మైనస్ 12 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 75డబ్ల్యూను మైనస్ 40 దగ్గర. విజయవాడ ఎండకు మొదటి అంకెతో పనే లేదు. మీకు ఉంది. 2021 ఫిబ్రవరి 16 తెల్లవారుజామున డల్లాస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 19 డిగ్రీలు పడింది. అలాంటి ఉదయం 85డబ్ల్యూ నూనె చలికాలపు నెయ్యిలా గడ్డకట్టినట్టు కూర్చుని, పినియను బేరింగుల దాకా పాకడానికి సమయం తీసుకుంటుంది. కాబట్టి ఆయన చెప్పిన 140 తీసుకోండి, దాని ముందు 75డబ్ల్యూ ఉండాలి.

ఇక మీ అసలు ప్రశ్న, ఆ చవక 80డబ్ల్యూ-90. అది పోస్తే మర్నాడే క్రౌను పగిలిపోదు. ఊళ్లో మట్టి బస్తాలు మోసుకుని తిరిగేంతవరకు ఏ తేడా తెలియకపోవచ్చు. చిక్కంతా ట్రెయిలరుతో. అప్పటి ఫోర్డ్ మాన్యువళ్లలో ఒక చిన్న వాక్యం ఉంటుంది. డెబ్బై డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన 21 డిగ్రీలు, దాటిన వాతావరణంలో ఆగకుండా బరువు లాగుతూ ఇంజనును పూర్తి బలంతో ఎక్కువసేపు నడిపితే వెనక ఇరుసు నూనె 3,000 మైళ్లకో మూడు నెలలకో మార్చాలి, 75డబ్ల్యూ-140 సింథటిక్ పోసి ఉంటే ఆ నియమం వర్తించదు. టెక్సస్ వేసవిలో 21 డిగ్రీలు దాటని మధ్యాహ్నం ఎక్కడుంది? వేసవికి రెండుసార్లు మూత విప్పి మార్చే పని పెట్టుకుంటే, చవక సీసాలో మిగిల్చిన డాలర్లు సీలెంటుకూ చేతికంటిన జిడ్డు కడిగే సబ్బుకూ సరిపోతాయి.

అలాగని ఖరీదైన పేరున్న సీసానే కొనమని చెప్పడం లేదు. డబ్బు మిగల్చవలసింది పేరు దగ్గర, అంకె దగ్గర కాదు. పెద్ద దుకాణాలు సొంత పేరుతో అమ్మే 75డబ్ల్యూ-140 సింథటిక్ దొరికితే హాయిగా తీసుకోండి, జీఎల్-5తోపాటు ఎస్ఏఈ జే2360 అన్న గుర్తు కూడా ఉంటే మరీ మంచిది. ఇంజన్ ఆయిలు సీసా మీద కనిపించే గుండ్రటి ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ముద్ర గేర్ ఆయిళ్లకు లేదు. కనుక జీఎల్-5 అన్నది తయారీదారు తన నోటితో తాను చెప్పుకునే మాట. జే2360 అమెరికా సైన్యం పాత ప్రమాణం నుంచి పుట్టింది. పరీక్షల ఫలితాలను బయటివాళ్లు చూసి, నెగ్గిన నూనెల జాబితా పెడతారు. సీసా మీద "సరిపోతుంది" అని రాయడం వేరు, "ఆమోదం పొందింది" అని రాయడం వేరు. ఆ రెండు మాటల తేడా చదవడానికి పైసా ఖర్చు లేదు. తేనెలా సాగే ఆయిల్ స్టెబిలైజరు సీసాలు పక్క అరలో ఉంటాయి, వాటి వైపు చూడకండి. మీ ఇరుసుకు ఐదున్నర పింట్లు పడుతుంది, కనుక క్వార్టు సీసాలు మూడు కొంటే నిండి కాస్త మిగులుతుంది. మీది నాలుగు చక్రాలూ లాగే రకమైతే ముందు ఇరుసు లెక్క వేరు, దానికి మాన్యువల్‌లో రాసిందే పోయండి, వెనకది అందులో కలపవద్దు.

పనిలోకి దిగితే, మొదట విప్పవలసింది నూనె పోసే ప్లగ్గు. మూత కాదు. ఈ క్రమం నేను ఒకసారి తప్పాను. కిందనుంచి నూనె అంతా దించేసి, ఇరుసు తుడిచి, కొత్త సీసా చేతిలో పట్టుకుని చూస్తే పోసే ప్లగ్గు తుప్పు పట్టి బిగిసిపోయి ఉంది. ఆదివారం సాయంత్రం, బండి నూనె లేకుండా ఇంటి ముందు, దుకాణాలు మూసేశారు. మీ ప్లగ్గుకు నలుచదరపు గుంట ఉంటుంది, 3/8 అంగుళాల రాచెట్ పిడి నేరుగా అందులో కూర్చుంటుంది. అది వదులైతేనే మిగతా పని మొదలుపెట్టండి.

ఈ ఇరుసుకు నూనె దించే ప్లగ్గు లేదు, వెనక మూత తీయాలి. కొన్ని మైళ్లు నడిపి నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడు, కింద వెడల్పాటి పళ్లెం పెట్టి, పై బోల్టులు రెండు మాత్రం కొన్ని మరల మీద వదిలి మిగతావన్నీ తీసేయండి. మూత కింది అంచును స్క్రూడ్రైవరుతో కొద్దిగా కదిలిస్తే నూనె ఒక్కసారిగా కారుతుంది. పై బోల్టులు ఉండటం వల్ల మూత మీ ముఖం మీద పడదు. పాత చొక్కా వేసుకోండి. ఆ చొక్కాను ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతికితే జరిగే పరిణామాలకు నేను బాధ్యుణ్ణి కాను.

పాత నూనెను పారేసే ముందు చూడండి. నల్లగా ఉంటే వయసు. మజ్జిగలా తెల్లబారితే నీళ్లు చేరాయి. ట్రెయిలరులో పడవ పెట్టుకుని సరస్సులోకి వెనక్కి దింపే అలవాటుంటే, కాగిన ఇరుసు చల్లటి నీళ్లలో మునిగి సీళ్ల గుండా నీళ్లు పీల్చుకుంటుంది. అప్పుడు ఎన్ని మైళ్లయిందన్న లెక్క లేదు, నూనె మార్చవలసిందే. గాలి తీసే గొట్టం మట్టితో మూసుకుపోయిందేమో కూడా చూడండి. లోపల ఉండే అయస్కాంతానికి కాటుకలాంటి మెత్తని బూడిద రంగు ముద్ద అంటుకుని ఉండటం మామూలే. గోరంత ముక్కలు, పళ్ల కొసలు కనిపిస్తే నూనె కొనడం ఆపి మెకానిక్కును పిలవండి.

రెండు అంచులూ శుభ్రంగా గీకి, నూనె జిడ్డు పూర్తిగా పోయాక సిలికాన్ సీలెంటును బోల్టు రంధ్రాల లోపలివైపుగా ఒకే తీగలా పెట్టి మూత బిగించండి. సీసా మీద చెప్పినంతసేపు ఆగండి. తొందరపడితే మరుసటి వారం మళ్లీ ఇదే పని. తరువాత మొదట అడిటివ్ పోయాలి, ఆపైన నూనె. ముందు నూనె నింపేస్తే నాలుగు ఔన్సుల అడిటివ్‌కు చోటుండదు, పోసినదంతా మీ మోచేతి మీదుగా కారుతుంది. నూనె మట్టం పోసే రంధ్రం అంచుకు కొద్దిగా దిగువన ఆగితే చాలు. పాత నూనెను అదే సీసాల్లోకి ఎత్తి ఆటోజోన్ లాంటి దుకాణంలో ఇస్తే డబ్బు తీసుకోకుండా పుచ్చుకుంటారు.

నింపిన వెంటనే గరగర మాయమవుతుందని అనుకోకండి. కొత్త ద్రవం పలకల మధ్యలోకి పాకాలి. ఖాళీ పార్కింగు స్థలంలో మెల్లగా, ఎనిమిది అంకె వేసినట్టు, పది పన్నెండు చుట్లు తిరగండి. ఆపైన వారం పది రోజులు మామూలుగా నడపండి. అప్పటికీ అదురు మిగిలితే ఇంకో ఔన్సు, దానికీ తగ్గకపోతే పలకలు కాలి నున్నబడి ఉంటాయి. అది నూనెతో తీరే జబ్బు కాదు, దొంతర మార్చాలి. తిన్నటి రోడ్డు మీద యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఊళ పెట్టి, వదలగానే ఆగిపోయే చప్పుడైతే అది పలకలది కాదు, పినియను బేరింగులదో పళ్లదో.

మూత తెరిచినప్పుడు ఒక పని చేయండి. విజయవాడలో అది రాత్రి కాకుండా చూసుకుని నాన్నగారికి వీడియో కాల్ చేసి, ఆ అయస్కాంతం మీద ముద్దను, క్రౌను పళ్లను దగ్గరగా చూపించండి. పళ్ల మీద ఏ మెరుపు మంచిదో, ఏ గీత చెడ్డదో ఈ ఉత్తరంలోంచి నేను చెప్పలేను. ఆయన ఫోనులోంచి చూసి చెప్పేస్తారు. 85డబ్ల్యూ కాదు 75డబ్ల్యూ అన్న సంగతి మాత్రం ఆయన పళ్లు చూడటం పూర్తయ్యాక మెల్లగా చెప్పండి.